పసుపు దారం ముడి

ఇది ఇన్నేండ్లుగా ఎవురికీ చెప్పలేదు. నా పెండ్లానికి కూడా. మోసీ మోసీ అలిసిపోయినా. నువ్వెవరో నాకు తెలీదు, నేనెవరో నీకు తెలీదు, అందుకే నీకు చెప్తాండా. నా పేరు మాత్రం అడగద్దు.

నేను రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టేవాణ్ణి. ఇప్పుడు పోలెండులో కుడతాండా. భార్యాపిల్లోల్లు రాయదుర్గంలోనే ఉండారు. పనితనంతో పైకొచ్చినోడని ఊర్లో నా గురించి చెప్పుకుంటారు. ఆ మాట యినప్పుడల్లా తల వంచుకుంటా. వాళ్లు దాన్ని వినయం అనుకుంటారు.

రాయదుర్గంలో నా పక్క మిషన్ ఓబులేసుది. కణేకల్ పక్క పల్లెటూరోడు, నాకంటే చిన్నోడు, నన్ను అన్నా అని పిలిచేవాడు. వాడు కుడితే కుట్టు గీత గీసినట్టుండేది. నాకు కుళ్లు ఉండిందా? ఉండింది. లేదని చెప్పేటట్టయితే ఇంక ఈ రాతెందుకు.

మా యూనిట్‌లో ఒక అలవాటు ఉండేది. ఎవురు కుట్టిన ప్యాంటుకు వాళ్లు, కుడి జేబు లోపల తమ రంగు దారంతో చిన్న ముడి వేయాల. తప్పొస్తే అది ఎవురి పనో తెలిసేదానికి. నాది ఎరుపు, వాడిది పసుపు. విదేశానికి మనుషుల్ని తీసుకుపోయేవాళ్లు పరీక్ష పెట్టేదానికి మా యూనిట్‌కే వచ్చినారు. పేర్లొద్దు, మీ ముడి ఉంటే చాలన్నారు. మా ఇద్దరిలో ఒకరికే చోటు అని అప్పటికే తెలిసిపోయింది.

ఆ పొద్దు నా చెయ్యి నా మాట యినలేదు. మరీ అంత ఆశ పెట్టుకుంటే వేళ్లు బిగుసుకుపోతాయని అప్పుడే తెలిసింది. జిప్పు పక్కన వంపు తిరిగే కుట్టు వంకరటింకర పోయింది. కుట్టడం అయినాక ఓబులేసు నీళ్లు తాగను బయటికి పోయినాడు. రెండు ప్యాంట్లూ బల్ల మీద పక్కపక్కనే ఉండాయి. ఒకే గుడ్డ, ఒకే సైజు. కత్తెర మొనతో రెండు ముళ్లూ తీసేసి, రంగులు మార్చి కట్టినా. వాడు మూతి తుడుచుకుంటా వచ్చేలోపల అయిపోయింది. నేనే చేసినానా? ఆ వేళ్లు ఇంకెవురివో అని అనుకునేదానికి శానా పాట్లు పడినా. కాదు, నావే.

నన్ను తీసుకున్నారు. ఇంతవరకే అయితే దొంగతనం అనుకొని, తప్పయిందని అల్లా ముందర తోబా చేసుకొని బతికేవాణ్ణేమో.

ఓబులేసు వాళ్ల నాయన కూడా టైలరే. చేతికి వణుకొచ్చి మొదట సూదిలో దారం ఎక్కించలేకపోయినాడు, కడాకు ముద్ద కూడా నోటికి చేర్చుకోలేకపోయినాడు. ఆ వణుకు తనకూ వస్తాదని ఓబులేసుకు చిన్నప్పట్నుంచీ భయం. అది నాకు తెలుసు. వాడు ఆ ప్యాంటు పట్టుకొని, వంకర పోయిన కుట్టును వేలితో తడుముతా నిలబడినాడు.

"అన్నా, ఇది నేను కుట్టిందేనా?"

"నీ ముడే గదప్పా."

"నాకు తెలీకుండానే చెయ్యి తప్పిందా? మా నాయనకూ ఇట్లనే మొదలయింది."

ఇంకొకటి కుట్టి చూపించు, వాళ్లతో నేను మాట్లాడతా అన్నాడు మా యూనిట్‌లో పని చూసే మాస్టర్. ఓబులేసు నా మొగం చూసినాడు. కుట్టు అని నేనంటే కుట్టేవాడు. నేనేమన్నానో తెలుసా?

"కొన్నాళ్లు చేతికి రెస్టు ఇయ్యరాదా ఓబులేసూ."

ముడి మార్చింది భయంతో. ఈ మాట మాత్రం బాగా ఆలోచించి అన్నా.

వాడు మళ్ల మిషన్ ముందర కూర్చోలేదు. ఊరికి పోయి గొర్లు పెట్టుకున్నాడు.

పోలెండులో ఎవురూ ముళ్లు వేయరు. ఐనా కుట్టిన ప్రతి ప్యాంటుకూ కుడి జేబులో వేలు పెట్టి చూస్తా. ఒకసారి నిజంగానే పసుపు ముడి తగిలింది. నేనే వేసుండాల, ఎప్పుడు వేసినానో తెలీదు. నమాజుకు నిలబడి చేతులు కట్టుకుంటే కూడా వేళ్ల మధ్య ఆ దారమే తగులుతాది.

మొన్న ఊరికొచ్చినప్పుడు కణేకల్ పక్కకు పోయినా. ఓబులేసు ఇంటి ముందర కూర్చొని శెనక్కాయల సంచి మూతి కుడతాండాడు. దబ్బనంలోకి పురికొస ఒక్కసారికే ఎక్కించినాడు. కుట్టు అప్పటి మాదిరే ఉండాది. నన్ను చూసి నవ్వినాడు, కూర్చోబెట్టి టీ తెచ్చినాడు. గ్లాసు నా చేతికిస్తా, ఏదో వానల సంగతి చెప్పినట్ల, "వణుకు ఇంకా రాలేదన్నా. ఎప్పుడొస్తాదో అని చూస్తాండా" అన్నాడు.

అప్పుడే చెప్పాల్సింది. టీ తాగేసి లేసినా.

నీకు రాసినంత సులువుగా వాడికి ఎప్పటికైనా చెప్పగలనా? తెలీదు. క్షమించమని అడిగే మొగం కూడా నాకు లేదు. కానీ ఒక్కసారన్నా ఈ మాట నా చేత్తో రాయాల. ఓబులేసూ, ఆ ప్యాంటు నాది. నీ చేతికి ఎప్పుడూ ఏమీ కాలేదు. రాసినా. ఊపిరి కొంచెం ఆడతాండాది. వాడు మాత్రం ఆడ ఇంకా తన చేతిని చూసుకుంటానే ఉంటాడు.