ఆడవాళ్ళ వార్డులో ఓబుళేసు

2018 జనవరిలో నన్ను ఆపరేషన్ థియేటరు నుంచి ఆడవాళ్ళ మెడికల్ వార్డుకు ఇన్‌చార్జిగా మార్చారు. ప్రొద్దుటూరులో ఒక ట్రస్టు నడిపే ఆసుపత్రి అది, పేరు రాయను. నా రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళుంది. మాది జమ్మలమడుగు. పొద్దున ఆరున్నర బస్సెక్కితే ఏడున్నర లోపే వార్డులో ఉండేదాన్ని. అంతకుముందు ఇరవై ఏళ్ళు థియేటరులోనే పనిచేశాను. అక్కడ రోగి మత్తులో ఉంటుంది, బంధువులు తలుపు బయట ఉంటారు, లోపల మా మాటే చెల్లుతుంది. వార్డులో అలా కాదు. ఇరవై నాలుగు మంచాలు, ఇరవై నాలుగు కుటుంబాలు, అందరికీ నోళ్ళున్నాయి. మొదటి నెలంతా నాకు ఒక చోట కాలు నిలవలేదు.

మందులివ్వడం, ఇంజెక్షన్లు వేయడం స్టాఫ్ నర్సు పని. స్టాఫ్ నర్సులకూ ఆయమ్మలకూ డ్యూటీలు వేసి, ఏదైనా తప్పు జరిగితే మేట్రన్‌కు జవాబు చెప్పుకోవడం ఇన్‌చార్జి పని. ఆసుపత్రిలోని నర్సులందరికీ పెద్ద మేట్రన్. ఇక రోగికి తోడుండే మనిషిని అటెండెంట్ అంటాం. ఆడవాళ్ళ వార్డులో అటెండెంట్లు ఆడవాళ్ళే అయి ఉండాలి. మగవాళ్ళు సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు వచ్చి, చూసి వెళ్ళిపోవాలి. ఈ నిబంధన విషయంలో నేను ఎవరి మొహమాటానికీ లొంగేదాన్ని కాదు. ఆయమ్మలు చాటున నాకు ఒక పేరు కూడా పెట్టారు. అది నాకు తెలుసు, తెలియనట్టే ఉండేదాన్ని.

ఫిబ్రవరి మొదటి వారంలో లక్ష్మీదేవి అనే ఆమె మా వార్డుకు వచ్చింది. లింగాల దగ్గర పల్లె. బడిలో మధ్యాహ్న భోజనం వండే మనిషి, వయసు నలభై మూడు. రక్తపోటు మాత్రలు మధ్యలో మానేసింది. పొయ్యి దగ్గరే పక్షవాతం వచ్చి పడిపోతే పులివెందులలో చూపించి, అక్కడి నుంచి మా దగ్గరికి తెచ్చారు. కుడి చేయి, కుడి కాలు, మాట పోయాయి. లారీ డ్రైవరుగా ఉండిన భర్త చనిపోయి అప్పటికి ఆరేళ్ళు. పిల్లలు ఇద్దరు. పెద్దవాడు ఓబుళేసు, ఇరవై మూడేళ్ళవాడు. చిన్నది సుజాత, పులివెందులలో ఇంటర్ రెండో సంవత్సరం.

ఓబుళేసును నేను మొదట చూసింది గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి కాలరు పట్టుకుని ఉండగా. తల్లి స్ట్రెచరు వెంట లోపలికి రానివ్వలేదని ఆ గొడవ. ఇద్దరు వచ్చి విడిపించాల్సి వచ్చింది. పాలిటెక్నిక్ మధ్యలో వదిలేశాడనీ, ఎర్రగుంట్లలో లారీల మీద కొన్నాళ్ళు పోయి అక్కడా తగాదా పెట్టుకుని వచ్చాడనీ, ఇంట్లో ఉంటే తల్లితో పోట్లాట, బయట ఉంటే ఊరితో పోట్లాట అనీ వాళ్ళ చిన్నమ్మ నాకు అడగకుండానే చెప్పింది. లక్ష్మీదేవి చెల్లెలు ఆమె. "వీని దిగుల్తోనే మంచాన పన్యింది మా యక్క" అని అతను వింటుండగానే అనేది. అతనేమో వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు. ఆ నడక చూస్తే నాకు తల తిరిగేది. ఇతన్ని కనిపెట్టి ఉండాలని సెక్యూరిటీ పుస్తకంలో అతని పేరు కింద గీత గీయించాను.

మంచాన పడ్డ మనిషికి సగం ప్రాణం వీపులో ఉంటుంది. ఒకే వైపు కదలకుండా పడుకుంటే ఎముక ఉన్నచోట చర్మానికి రక్తం అందక చితికిపోతుంది. అదే పడక పుండు. తడి తోడైతే ఇంకా త్వరగా పడుతుంది. అందుకని రెండు గంటలకోసారి కుడికి, ఎడమకు, వెల్లకిలా మార్చి పడుకోబెట్టాలి. మార్చినప్పుడల్లా మంచం దగ్గరి కాగితంలో గంట వేసి గుర్తు పెట్టాలి. దాన్ని టర్నింగ్ చార్టు అంటాం. సుజాత ఈ పని రెండు రోజుల్లో నేర్చుకుంది. ఒళ్ళో ఫిజిక్స్ పుస్తకం, కళ్ళు గడియారం మీద. తల్లికి పాలు పట్టడం, తుడవడం, గుడ్డలు మార్చడం అన్నీ ఆ పిల్లే.

నెలాఖరు దగ్గరపడేసరికి చిన్నమ్మ తన మేకలు ఎవరూ చూసేవాళ్ళు లేరని వెళ్ళిపోయింది. పరీక్షలు నెత్తిమీదికొచ్చాయి. "వచ్చే సంవత్సరం రాస్తాలే సిస్టర్" అంది సుజాత ఒక పొద్దున, పుస్తకాలు సంచిలో పెట్టేస్తూ. నా సర్వీసులో ఆ మాట ఎంతోమంది ఆడపిల్లల నోట విన్నాను. వాళ్ళలో ఒక్కరికి కూడా ఆ వచ్చే సంవత్సరం రావడం నేను చూడలేదు. ఆ రోజంతా నా మనసు మనసులో లేదు.

సాయంత్రం ఓబుళేసు వార్డు తలుపు దగ్గర నిలబడ్డాడు. గడప దాటలేదు.

"సిస్టరమ్మా, సుజాత పరీచ్చ రాయల్ల. మాయమ్మ కాడ నేనుంటా."

నిబంధన చెప్పాను. అరుస్తాడని ఎదురుచూశాను. అరవలేదు.

"యాడో ఒక మూల ఏయండి మాయమ్మను. వార్డులో ఆడోళ్ళను తల ఎత్తి చూడను. ఇంగెవురు లేరు మాకు."

వార్డు చివర దుప్పట్లు పెట్టుకునే చిన్న గది ఒకటుంది, దానికి వెనక వరండాలోకి వేరే తలుపుంది. అందులో ఒక మంచం పడుతుంది. మేట్రన్ దగ్గరికి వెళ్ళి అడిగాను. ఆవిడ కళ్ళజోడు తీసి నన్నే చూసింది. కాలరు పట్టుకున్న కుర్రాణ్ణి ఆడవాళ్ళ వార్డు పక్కన పెట్టుకుంటానంటున్నది నేనేనా అని. నా పూచీ మీద, రాతపూర్వకంగా, పరీక్షలు అయ్యేవరకు అంది. షరతులు నన్నే రాయమంది. రాశాను. అతను వెనక తలుపు నుంచే రావాలి. తల్లిని తిప్పడం, ముక్కు గొట్టం ద్వారా పాలు పట్టడం, చార్టు రాయడం అతని పని. ఒళ్ళు తుడవడం, గుడ్డలు మార్చడం లాంటివి ఆయమ్మలే చేయాలి. కొడుకు తల్లికి ఆ పనులు చేయడం మా వైపు ఎక్కడా లేదు. మగవాళ్ళు కొబ్బరిబోండాలు తెస్తారు, మందుల చీటీ పట్టుకుని తిరుగుతారు, అంతే. ఎంత చక్కగా రాశానో అని నాకు నేనే మెచ్చుకున్నాను కూడా.

సుజాత పులివెందులలో స్నేహితురాలి ఇంటికి వెళ్ళింది. ఓబుళేసు చార్జి తీసుకున్నాడు. మొదటి రెండు రోజులూ నేను గంటకోసారి వెళ్ళి చూశాను. కుదురుగా కూర్చోలేడు, కాలు ఊపుతూనే ఉంటాడు. కానీ తిప్పడం బాగా వచ్చింది. బరువులు ఎత్తినవాడు కాబట్టి తల్లిని లాగకుండా ఎత్తి జరిపేవాడు. క్యాంటీనువాడు చల్లారిన పాలిచ్చాడని ఒకసారి తగాదాకు దిగాడు. అయినా పదకొండు గంటలకు తిప్పాలని మధ్యలోనే ఆపి పరుగెత్తుకొచ్చాడట. చార్టులో ఒక్క గడి ఖాళీ లేదు. నాకు నిబ్బరం కలిగింది. వెళ్ళి చూడటం తగ్గించాను. చార్టు చూసి సంతకం పెట్టి వచ్చేదాన్ని.

మూడు పరీక్షలు అయ్యాక మధ్యలో ఆదివారం వచ్చింది. సుజాత తల్లిని చూడటానికి వచ్చింది. ఆ రోజు నాకు డ్యూటీ ఉంది. అరగంట తర్వాత ఆ పిల్ల నా బల్ల దగ్గరికి వచ్చి, "అమ్మకు నడుము కింద పుండు పన్యింది సిస్టర్. నేనింగ పోను పరీచ్చకు" అంది. ఏడవలేదు. నిర్ణయం చేసుకున్న మొహం అది.

వెళ్ళి చూశాను. వెన్నెముక చివర రూపాయి బిళ్ళంత మేర తోలు ఊడింది, చుట్టూ ఎర్రగా ఉంది. ఓబుళేసు మూలన నిలబడి ఉన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఊరికే గుర్తులు పెట్టుకుంటూ కూర్చున్నాడని, నిన్ను నమ్మడం నాదే బుద్ధితక్కువని, నోటికొచ్చినట్టు తిట్టాను. కాగితం అతని ముందు ఊపి, ఇందులో ఎన్ని అబద్ధాలు అని అడిగాను.

"ఒగటి గూడా లేదు సిస్టరమ్మా. తిప్పినా. అన్నిసార్లు తిప్పినా" అన్నాడు. తర్వాత నేల చూస్తూ, "తడిసేది తెలుస్తాండె. ఆయమ్మ వొచ్చేదంక ఆగుతాంటి. నేనెట్ల చూసేది మాయమ్మను? చూడనీకుండా గుడ్డ గట్టిగా పట్టుకుంటాది" అన్నాడు.

మూత్రపు గొట్టం వల్ల జ్వరం వస్తోందని అంతకు వారం ముందే తీసేశాం. ఆ తర్వాత ఆమె కింద పరిచిన పాత చీర మడతల్లోనే తడుపుతోంది. ఆయమ్మలు ఇద్దరు, వార్డుకంతా ఆ ఇద్దరే. గదికి పూటకు రెండుసార్లు వస్తే ఎక్కువ. మిగతా గంటలన్నీ ఆమె తడిలో పడుకుంది. కుడికి తడి, ఎడమకు తడి. పిలవడానికి అతనికి సిగ్గు, పట్టుకున్న గుడ్డ వదలడానికి ఆమెకు సిగ్గు. నేను రాసిన షరతు ఆ రెండు సిగ్గులకూ ముద్ర వేసింది. నాకు నా మీదే అసహ్యం వేసింది.

అతన్ని పంపేసి ఆ పిల్లను ఉంచడం సులభం. చాలామంది ఇన్‌చార్జిలు అదే చేస్తారు. నా నోటి దాకా అదే వచ్చింది. అంతలో ఓబుళేసే అన్నాడు, "నేర్పియండి సిస్టరమ్మా. అది కూడా నేనే చేస్తా."

తల్లి అన్నీ వింటోంది. మాట పోయింది గాని తెలివి పోలేదు. దుప్పటి అంచును ఎడమ చేత్తో గుప్పిట బిగించి పట్టుకుంది. అతను మంచం పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఊళ్ళో కోపంగా మాట్లాడే గొంతుతోనే మాట్లాడాడు, వేరే గొంతు అతనికి లేదు.

"మా, సుజాత రేపు పోనంటాంది. నువ్వా గుడ్డ ఇడిస్తే అది పోతాది. ఇడ్సలేదనుకో, నా మాదిరి అయితాది అది. ఇంట్లో నాలాంటోడు ఒగడు సాల్దా? ఇడువు మా."

ఆమె అతని మొహంలోకే చాలాసేపు చూసింది. కంట్లోంచి నీళ్ళు చెవిలోకి కారుతున్నాయి. అతను తుడవలేదు, కదలలేదు. చివరికి ఆమె మొహం గోడ వైపు తిప్పుకుని చెయ్యి వదిలేసింది. సుజాత బయటికి వెళ్ళిపోయింది. నా కళ్ళలో కూడా నీళ్ళు తిరిగాయి, దాచను.

అప్పుడే నేర్పాను. దుప్పటి పూర్తిగా తీయకూడదు, ఎక్కడ తుడుస్తామో అంతవరకే మడవాలి. గోరువెచ్చని నీళ్ళు, మెత్తని గుడ్డ, ముందు నుంచి వెనక్కి. రుద్దకూడదు, అద్దాలి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదలాలి. తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే ఫరవాలేదు, నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టు. అతను గిన్నెలో నీళ్ళు సగం నేల మీద పోశాడు. పుండును మొదటిసారి సరిగా చూసి, "ఇంతుందా" అన్నాడు. వరండాలోకి పోయి ఐదు నిమిషాలు నిలబడి వచ్చాడు. వచ్చి చార్టులో గంట వేశాడు. సుజాత మధ్యాహ్నం బస్సుకు వెళ్ళింది.

మరుసటి రోజు నుంచి ఆ గదిలో ఒక కొత్త అలవాటు మొదలైంది. తుడిచేటంతసేపూ ఓబుళేసు ఊరి సంగతులు చెబుతూ ఉండేవాడు. ఎవరి బోరు ఎండింది, ఎవరి చీనీ బత్తాయి తోటకు తెగులొచ్చింది, బడిలో ఇప్పుడు వండే ఆమె సాంబారు ఎంత నీళ్ళగా ఉందట, ఇవే. ఇది ఎవరు చెప్పారని అడిగాను. "గమ్మునుంటే మాయమ్మకు సిగ్గయితాది సిస్టరమ్మా" అన్నాడు. థియేటరులో ఇరవై ఏళ్ళున్న నాకు ఆ ఆలోచన రాలేదు.

పడక పుండు పడితే ఇన్‌చార్జి మేట్రన్‌కు వివరణ రాసివ్వాలి. అటెండెంటు అశ్రద్ధ అని రాస్తే ఎవరూ అడగరు. నా షరతు వల్ల పడిందని రాశాను. మేట్రన్ దాన్ని రెండుసార్లు చదివి, నా ఫైలులో మెమో పెట్టింది. నా సర్వీసులో అదే మొదటి మెమో. ఆ కాగితం అందుకున్నప్పుడు బాధేసింది, ఇప్పుడూ తలచుకుంటే కొంచెం చురుక్కుమంటుంది.

పుండు మూడు వారాలకు మానింది. సుజాత అన్ని పరీక్షలూ రాసింది, పాసయింది. మంగళవారం డిశ్చార్జి వద్దని బుధవారం దాకా ఆగి తీసుకెళ్ళారు. ఓబుళేసు మారిపోయి దేవుడైపోలేదు. వెళ్ళేరోజు కూడా ఆటోవాడితో గొడవపడ్డాడు. కాని ఆ తర్వాత నెలకో రెండు నెలలకో నాకు ఫోను చేసేవాడు. "సిస్టరమ్మా, మడిమ ఎర్రగుండాది. నొక్కితే తెల్లబడతాంది. ఇంగా పుండు కాలేదు కదా?" అని అడిగేవాడు. నమస్కారాలు, కుశలాలు ఏమీ ఉండేవి కావు. లక్ష్మీదేవి ఇంకో ఏడాదిన్నర బతికింది. అన్నాళ్ళూ ఆమె ఒంటి మీద మళ్ళీ పుండు పడలేదు.

రిటైరయ్యేవరకు ఆ తర్వాత నేను ఎవరికి చార్టు ఇచ్చినా ముందు రోగి వీపు చూపించి, తుడవడం నేర్పి, ఆపైనే కాగితం చేతికిచ్చాను. కొడుకైనా, భర్తయినా అంతే. నమ్మకం లేని మనిషికి సగం పనే అప్పగించి, ఇవ్వని సగం చెడిపోతే అతన్నే తిట్టడం నాకు అలవాటుగా ఉండేది. అది అలవాటని తెలియడానికి నాకు ముప్పై రెండేళ్ళ సర్వీసు చాలలేదు, ఒకామె ఒంటి మీద పుండు కూడా కావలసి వచ్చింది.