ఎస్తేరు టీచర్ అంగలు

పిన్నీసులు దాచుకునే నల్ల ఫిల్ము డబ్బా మూత తీస్తే ఇప్పటికీ 'టప్'మంటుంది. ఆ చప్పుడు వింటే చాలు, ఆత్మకూరు పార్కు, తడిమట్టి వాసన, ఎస్తేరు టీచర్ నవ్వు, అన్నీ ఒక్కసారే గుర్తొస్తాయి నాకు.

తొంభైల్లో మాట. మాది ఉదయగిరి. ఆత్మకూరులో పిన్ని ఇంట్లో ఉండి తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మ్యాపు అంటే చచ్చేంత భయం. క్వార్టర్లీలో గోదావరిని తీసుకెళ్ళి రాజస్థాన్‌లో పారించాను. సోషల్ తప్పాను. మార్కులు చూసి మా నాయన ఒకటే మాట అన్నాడు: "హాఫ్ ఇయర్లీలో గూడా ఇట్నే వస్తే చదువు చాలు. మర్రిపాడు పోయి మీ అవ్వతో గొర్లు తోలుకో." ఆయన అన్నాడంటే చేస్తాడు.

సోషల్ చెప్పే ఎస్తేరు టీచర్ మా వీధిలోనే ఉండేది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు కాస్త పొట్టి. చిన్న చిన్న అంగలు వేస్తూ నడిచేది. రోజూ ఆమెతోనే బడికి వెళ్ళేదాన్ని. ఒక శనివారం పొద్దున క్లాసు మొత్తాన్నీ పార్కు గేటు దగ్గర నిలబెట్టింది. "లోపల ఒక డబ్బా దాచినాను, బొటనవేలంత ఉంటాది. ఈణ్ణుంచి తూర్పుకు అరవై అంగలు, ఆణ్ణుంచి ఉత్తరానికి ఇరవై. తవ్వబాకండి. దొరికినోళ్ళు లోపలి కాగితంలో పేరు రాసి మళ్ళీ ఆడే పెట్టాల" అని చెప్పి, తను వెళ్ళి నీడన కూర్చుంది.

మగపిల్లలు బారెడేసి అంగలు వేసుకుంటూ పోయి ప్రహరీ గోడకు కొట్టుకున్నారు. "ఇంకా పదిహేను అంగలుండాయిరా, గోడ దూకుదామా?" అన్నాడొకడు. ఇంకొకడు చెప్పిన మాట మరిచి కనకాంబరాల మడి కెలికేశాడు. వాచ్‌మన్ కర్ర పట్టుకుని వచ్చాడు: "ఏందిరా, నిధిగాని ఉండాదా ఈడ?"

నేను గేటు దగ్గరే బిక్కమొహం వేసుకుని నిలబడ్డాను. అప్పుడు తట్టింది. అందరూ వాళ్ళ కాళ్ళతో కొలుస్తున్నారు, దాచింది టీచర్ కదా! సూర్యుడికి ఎదురుగా తిరిగి, పక్కన ఆమె ఉన్నట్టే అనుకుని, ఆమెతో రోజూ నడిచినట్టే నడిచాను. అరవై అయ్యేసరికి ఎండిపోయిన ఫౌంటెన్ దగ్గర ఆగాను. ఎడమ చేతి వైపు ఇరవై. సిమెంటు బెంచీ. వంగి దాని కాలి సందులో వేలు పెడితే నల్ల డబ్బా! అబ్బ, ఆ సంతోషం ఏమని చెప్పను! ఖాళీ కాగితం మీద మొదటి పేరు నాదే రాశాను.

ఇంటికి వచ్చేటప్పుడు టీచర్ అడిగింది. "ఎట్లా కనుక్కున్నావే?"

"మీ మాదిరి నడిచినాను టీచర్" అనేసి నాలిక కరుచుకున్నాను.

ఆమె నడిరోడ్డు మీద నిలబడి కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "నా నడక చూసి నవ్వినోళ్ళు చానామంది పాపా. దాంతో కొలిచింది నువ్వొక్కదానివే!"

ఆ సాయంత్రమే నాతో పార్కు మ్యాపు గీయించింది. తర్వాత మా వీధి, ఆ తర్వాత ఉదయగిరి రోడ్డు. హాఫ్ ఇయర్లీలో గోదావరి బుద్ధిగా సముద్రంలో కలిసింది. నాయన మార్కులు చూసి, "సరేలే, గొర్లకు ఇంకొకర్ని చూస్తా" అన్నాడు. మా నాయన మెచ్చుకోవడం అంటే అదే.

బదిలీ అయి వెళ్ళేరోజు టీచర్ ఆ డబ్బా నా చేతిలో పెట్టింది. నేనిప్పుడు సర్వేయర్ని. పొలం గట్టు మీద ఏ రైతైనా "ఈ రాయి నుంచి నూరంగలని మా నాయన చెప్పినాడమ్మా" అంటే, కొలత గొలుసు పరిచే ముందు నేను అడిగే మాట ఒకటుంది.

"మీ నాయన ఎట్లా నడిచేవాడు?"