ఈశాన్యం మూల బాత్రూం

మా కంపెనీలో రొయ్యలు చచ్చిపోతే ఆడవాళ్ల బాత్రూం పడగొట్టారు. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు. నవ్వండి, పర్వాలేదు. ఇప్పుడైతే నేనూ నవ్వుతాను. అప్పుడు మాత్రం ఒళ్లు మండేది.

తొంభైల నడిమి మాట ఇది. కాకినాడ దాటి సముద్రం వైపు పోయే రోడ్డు మీద ఉండేది ఆ కంపెనీ. చెరువుల్లో పెంచిన రొయ్యలు అక్కడికి వస్తే తలలు తీసి, కడిగి, గడ్డకట్టించి విదేశాలకి పంపేవారు. డిగ్రీ అవగానే అందులో నాకు టైపిస్టు ఉద్యోగం వచ్చింది. ఆడపిల్ల ఉద్యోగం అన్నది మా ఇంటా వంటా లేదు. మా నాన్న సంబరపడిపోయి కనపడినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. మా అమ్మ మాత్రం, "చూద్దాం, ఎన్నాళ్లు చేస్తుందో" అంది. ఆ మాటకి నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. చచ్చినా ఈ ఉద్యోగం వదలకూడదు అనుకున్నాను.

ఆ కంపెనీకి ప్లాను గీసిన ఇంజనీరు ఎవరో నాకు తెలియదు గాని, ఇంట్లో ఆడవాళ్ల మాట వినే మనిషై ఉంటాడు. తూర్పున గేటు. గేటు లోపల, ఉత్తరం వైపు మూలకి ఆడవాళ్ల బాత్రూం. దాని ముందు ఒక కుళాయి, కుళాయి పక్కన సిమెంటు అరుగు, మీద వేపచెట్టు నీడ. రొయ్యల షెడ్డు పక్క తలుపు తీస్తే నాలుగడుగుల్లో అక్కడుంటారు. ఆఫీసు మెట్లు దిగినా అంతే దూరం. మగవాళ్లు సరుకు ఎత్తే చోటు అటు పడమర ఎక్కడో ఉండేది కాబట్టి ఎవరూ ఎవర్నీ చూసే పని లేదు.

షెడ్డులో పనిచేసేవాళ్లంతా సముద్రం ఒడ్డు ఊళ్ల ఆడవాళ్లు. మొగుళ్లు వేటకి వెళ్తే వీళ్లు రొయ్యల తలలు తీయడానికి వచ్చేవారు. పొద్దుణ్ణించీ ఐసు నీళ్లలో చేతులు, తడి నేల మీద కాళ్లు. నేనేమో పైన ఫ్యాను కింద. మామూలుగా అయితే ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకునే వీలే లేదు. ఆ అరుగు మీద మాత్రం అందరం కలిసేవాళ్లం. వాళ్లు చేతులు ఎండకి కాచుకునేవారు. నేను అప్పడాల పిండిలా పాలిపోయిన ఆ వేళ్లు చూస్తూ కూర్చునేదాన్ని.

వాళ్లకి మేస్త్రి ఒకావిడ ఉండేది. అందరూ పెద్దక్క అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. గట్టి మనిషి, గట్టి గొంతు.

"ఏంటండీ అమ్మాయిగారూ, ఆ మిషన్ని అలా టకటకా బాదేస్తారు, వేళ్లు నొప్పెట్టవేంటండీ?" అనేది.

"నీ వేళ్ల కంటే నయమే పెద్దక్కా."

"మాయి వేళ్లాండీ? మాయి రొయ్యలైపోయి శానా కాలమైందండి!" అని పకపకా నవ్వేది.

ఆ ఏడాది చెరువులకి తెల్లమచ్చ తెగులు తగిలింది. డెల్టా అంతా అదే గోల. రాత్రి బాగున్న రొయ్యలు తెల్లారేసరికి చచ్చి గట్టువార తేలేవి. మా ఓనరుగారికి కంపెనీతో పాటు సొంత చెరువులు కూడా ఉండేవి. అన్నీ పోయాయి. మనిషి సగమైపోయాడు. నీళ్లు మార్చాడు, మందులు చల్లాడు, మొక్కులు మొక్కాడు. చివరికి ఎవరో చెప్తే కోనసీమ నుంచి ఒక సిద్ధాంతిగారిని పిలిపించాడు.

సిద్ధాంతిగారు గొడుగు వేసుకుని వచ్చారు. దిక్సూచి అరచేతిలో పెట్టుకుని ప్రహరీ చుట్టూ నడిచారు. వేపచెట్టు దగ్గర ఆగారు. "ఈశాన్యంలో మరుగుదొడ్డాండీ!" అని చెవులు మూసుకున్నారు. అంతే. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చెరువులో తెగులుకి మా బాత్రూం దోషి అయింది. ఆ వారంలోనే పలుగులు దిగాయి. బాత్రూం పోయింది, అరుగు పోయింది, వేపచెట్టు కూడా పోయింది. ఆ చోట నీళ్ల సంపు కట్టి, పక్కన తులసి కోట పెట్టారు.

మరి మగవాళ్ల సంగతి ఏమైందని అడక్కండి. వాళ్లకి దేవుడు ఎక్కడ చూసినా గోడలే ఇచ్చాడు.

మా ఓనరుగారు చెడ్డవాడు కాదు. అదే నా కడుపుమంట. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకుందును. ఎవర్నీ ఏకవచనంలో పిలిచేవాడు కాదు. షెడ్డులో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే తన కారులో ఆసుపత్రికి పంపేవాడు. అలాంటి మనిషి దగ్గరికి వెళ్లి, సిగ్గు చంపుకుని, "బాత్రూం లేకపోతే చాలా ఇబ్బందిగా ఉందండి" అన్నాను.

"కడదాం అమ్మా, కడదాం. ఈ సీజను గట్టెక్కనీ. ఈ లోపల ఎదర సరుగుడు తోట ఉందిగా, మనవాళ్లంతా అటే వెళ్తున్నారుగా" అన్నాడు, ఎంతో మర్యాదగా.

సరుగుడు తోటకి వెళ్లాలంటే లారీల రోడ్డు దాటాలి. అటు టీ కొట్టు, కొట్టు ముందు బల్ల, బల్ల నిండా మగాళ్లు. షెడ్డులో ఆడవాళ్లు గుంపుగా వెళ్లేవారు, ఒకళ్లకి ఒకళ్లు అడ్డం నిలబడేవారు. నేను ఒక్కసారి వెళ్లి, సగం దారిలో వెనక్కొచ్చేశాను. ఆఫీసులో ఆడదాన్ని నేనొక్కదాన్నే. మళ్లీ ఇంకోసారి అడిగాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. సీజను గట్టెక్కింది. వాయవ్యం మూల ఓనరుగారి కారుకి మాత్రం చక్కటి రేకుల షెడ్డు లేచింది.

ఇక మాకు తోచిన దారి ఒకటే, నీళ్లు తాగడం మానేయడం. పొద్దున్న కాఫీ మానేశాను. మజ్జిగన్నం మానేశాను. మధ్యాహ్నం ముద్ద గొంతుకి అడ్డం పడితే ఒక్క గుక్క, అంతే. పైన ఫ్యాను కింద కూర్చునే నాకే అలా ఉంటే, ఐసు నీళ్లలో నిలబడేవాళ్ల సంగతి వేరే చెప్పాలా? చలికి ఎవరికైనా మాటిమాటికీ వెళ్లాలనిపిస్తుంది. పెద్దక్క నవ్వడం మానేసింది. "ఇప్పుడే కదే వెళ్లొచ్చావ్, మళ్లీ ఏంటే!" అని షెడ్డులో ఆడపిల్లల మీద కసురుకునేది. ఆ మనిషి అంతకుముందు ఎవర్నీ అలా అని ఎరగదు. అరుగు పోయాక నేనూ కిందకి దిగడం మానేశాను. దిగి ఎక్కడ కూర్చోవాలి? ఒక గోడ పడిపోతే ఇన్ని మాటలు పోతాయని నాకు అంతవరకూ తెలియదు.

నాకు జ్వరం వచ్చింది. వెళ్లాలంటే మంట, నడుము పోటు. కాకినాడలో డాక్టరమ్మగారు చూసి కోప్పడ్డారు.

"నీళ్లు తాగవేంటమ్మా? చుట్టూ కాలవలు పెట్టుకుని నీళ్లు తాగకపోవడం ఏం మాయరోగం?"

కారణం చెప్పడానికి నోరు రాలేదు. తగ్గింది, మళ్లీ వచ్చింది. రెండోసారి వచ్చినప్పుడు మా అమ్మకి చెప్పక తప్పలేదు. విని, నా నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ, "ఇంకొక్కసారి జ్వరం వచ్చిందంటే మాన్పించేస్తాను. మీ నాన్న చెప్పినా వినను. నీ ఒళ్లు గుల్ల చేసుకోడానికా ఉద్యోగం?" అంది. ఈసారి అందులో వెటకారం లేదు, భయం ఉంది. వెటకారమైతే ఎదురు చెప్పేదాన్ని. భయానికి ఏం చెప్పను? గోడ వైపు తిరిగి పడుకుని ఏడ్చాను.

తిరిగి ఆఫీసుకి వెళ్లేసరికి చెరువులు మళ్లీ పోయాయి. ఈశాన్యంలో సంపు నిండుగానే ఉంది, తులసి కోట పచ్చగానే ఉంది, రొయ్యలు మాత్రం వాటి దారిన అవి చచ్చాయి. సిద్ధాంతిగారికి మళ్లీ కబురు వెళ్లింది.

"ఈసారి ఏం పడగొడతారో పెద్దక్కా" అన్నాను మెట్ల దగ్గర కనపడితే.

"ఇంకేం మిగిలిందండి, మనమేనండి. మనల్నే పడగొడతారు" అంది.

ఆయన వచ్చేసరికి ఓనరుగారు చెరువుల దగ్గర చిక్కుకున్నాడు. సిద్ధాంతిగారిని వరండాలో కూర్చోబెట్టి మంచినీళ్లు ఇవ్వమని మేనేజరు నాకు చెప్పాడు. ఇచ్చాను. ఆయన సగం తాగి, నా మొహం చూసి, "నువ్వూ కాసిని తాగమ్మా, బాగా వడిలిపోయావు" అన్నారు.

"నేను తాగనండి. తమరి చలవే."

ఎలా వచ్చేసిందో ఆ మాట. ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. "నా చలవేంటి తల్లీ?"

ఇక ఆగలేదు. తాత వయసు మనిషి ముందు అనాల్సినవీ అనకూడనివీ అన్నీ అనేశాను. సరుగుడు తోట, టీ కొట్టు, పెద్దక్క కసుర్లు, నా జ్వరం, మా అమ్మ ఇచ్చిన గడువు. "ఈశాన్యంలో ఉండకూడదన్నారు, పడగొట్టారు. ఆ తర్వాత మేం ఎక్కడికి వెళ్లాలో ఏ మూల రాసుందండీ మీ శాస్త్రంలో?"

ఆయన కోప్పడలేదు. సంపు వైపు తిరిగి చూసి, మెల్లిగా అడిగారు. "పొద్దుణ్ణించీ ఏమీ తాగరా? అందరూ అంతేనా?"

"అంతేనండి. ఇంటికి వెళ్లి, గుమ్మంలోనే చెంబెడు నీళ్లు గటగటా తాగేస్తాం."

చేతిలో గ్లాసు కింద పెట్టేశారు. మిగతా నీళ్లు తాగలేదు. నాకు అప్పుడు భయం పట్టుకుంది. మూడో జ్వరం రాకుండానే నా ఉద్యోగం ఊడింది అనుకున్నాను.

అంతలో కారు వచ్చి దాని రేకుల షెడ్డులో ఆగింది. ఓనరుగారు దిగి దండం పెట్టాడు. సిద్ధాంతిగారు కుశలమైనా అడగలేదు.

"వాయవ్యంలో కట్టించారాండీ?"

"ఏంటండి?"

"ఆడవాళ్ల మరుగుదొడ్డండి. ఈశాన్యంలోది తీసి వాయవ్యంలో కట్టమన్నాను కదా. తీసేసి ఊరుకున్నారా?"

ఓనరుగారి మొహం మాడిపోయింది. "తమరు... అలా సెలవిచ్చారాండీ?"

"ఇవ్వకుండా ఎలా ఉంటానండి! తీసినదాన్ని మళ్లీ నిలబెట్టకపోతే దోషం రెట్టింపవుతుంది. సగం వాస్తు వాస్తు కాదండి, సున్నం. అందులోనూ ఆడవాళ్ల ఉసురు. చెరువులు ఎలా బాగుంటాయి?"

"అయ్యయ్యో, మర్చిపోయుంటానండి. బుర్ర పనిచేయలేదండి ఆ రోజుల్లో. మరి అక్కడ కారు షెడ్డు..."

"కారుకి కాస్త ఎండ తగిలితే ఏం కాదండి."

మర్నాడే రేకులు ఊడదీశారు. నెల తిరక్కుండా బాత్రూం లేచింది. పెద్దక్క రోజూ తాపీమేస్త్రి నెత్తిన కూర్చుని, "ఇక్కడో అరుగుండాలండి, సిద్ధాంతిగారు సెప్పారండి" అని అరుగు కూడా కట్టించుకుంది. ఆయన అరుగు మాట అననేలేదు. వేపచెట్టుని మాత్రం ఎవరూ తేలేకపోయారు. మొదటిరోజు నేను నా బల్ల దగ్గర గ్లాసుడు నీళ్లు తాగి, ఇంకో గ్లాసు పోసుకుని, మేనేజరు చూస్తుండగానే అది కూడా తాగాను. మా అమ్మ మళ్లీ మానేయమనలేదు. రొయ్యలు మాత్రం ఆ పై ఏడు కూడా చచ్చాయి, కానీ ఆ పాపం మా మీదికి రాలేదు.

సంతోషంతో పాటు నాకు ఓనరుగారి మీద మంట కూడా ఎక్కువైంది. మేం నోరు తెరిచి అడిగితే కదలని మనిషి, దోషం అనేసరికి పరిగెత్తాడు. మా అవసరం కంటే ఆయనకి దిక్కు ఎక్కువైంది. పైగా సిద్ధాంతిగారు ముందే చెప్పినా కారు షెడ్డు కట్టుకున్నాడే అని పళ్లు నూరుకునేదాన్ని.

కట్టడం పూర్తయ్యాక సిద్ధాంతిగారు ఒకసారి చూసి వెళ్లడానికి వచ్చారు. తిరిగి వెళ్లేటప్పుడు నేను గేటు దాకా వెళ్లాను. రిక్షా కోసం నిలబడ్డాం. వాన వచ్చేలా ఉంది.

"చాలా పుణ్యం కట్టుకున్నారండి. మీరు మొదట్లోనే చెప్పినా మా ఓనరుగారు చెవిన పెట్టలేదు చూశారా" అన్నాను.

"ఆయన్ని అనకు తల్లీ" అన్నారు. "నేను చెప్పలేదు."

నాకు అర్థం కాలేదు.

"తీసెయ్యమన్నాను, అంతవరకే. ఎక్కడ కట్టాలని ఆయన అడగలేదు, నాకూ తట్టలేదు. ఎన్ని ఊళ్లలో ఎన్ని తీయించానో. ఎవరూ అడగలేదమ్మా, నువ్వు తప్ప." రిక్షా వచ్చింది. ఎక్కలేదు, గొడుగు కర్ర పట్టుకుని అలాగే నిలబడ్డారు. "మా అమ్మాయి బళ్లో టీచరు. సాయంత్రం రాగానే చెప్పులైనా విప్పదు, గుమ్మంలోనే నిలబడి చెంబెడు నీళ్లు తాగుతుంది. ఎండన పడి వచ్చింది పాపం అనుకునేవాణ్ణి."

రిక్షా ఎక్కి కూర్చున్నాక, నా వైపు కాకుండా రోడ్డు వైపు చూస్తూ అన్నారు.

"వానాకాలంలోనూ అలాగే తాగుతుందమ్మా."