కోయని దిమ్మె

మా మేడం పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను బోధన్ దగ్గర ఒక బెల్లం గానుగకు రోలరు బిగిస్తున్నాను. ఫోన్ చేసింది వాళ్లాయనే. ఆర్టీసీ బస్సు నడిపి రిటైరైన మనిషి, మాట ఎప్పుడూ పొదుపే.

"మీ మేడం పోయింది బిడ్డా," అన్నారు. నేను నోరు తెరిచేలోపే, "ఆమె జేసిన దిమ్మె నీ దగ్గర్నే ఉన్నది గద. రేపు వచ్చేటప్పుడు జర పట్టుకరా. పెట్టెల ఆమె చేతులల్ల పెడ్త," అన్నారు.

సరే సార్ అన్నాను. ఏడుపు కంటే ముందు నాకు భయం వేసింది. ఎందుకో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

మేడం నిజామాబాద్‌లో మాకు పాలిటెక్నిక్ వర్క్‌షాపు పాఠాలు చెప్పారు. చీర మీద ఖాకీ కోటు తొడుక్కుని, కొంగు నడుముకు గట్టిగా దోపుకుని వచ్చేవారు. మొదటిరోజే క్లాసు మొత్తాన్ని అరచేతులు రుద్దుకోమన్నారు. చురుక్కుమనేదాకా రుద్దించి, "నిప్పు లేకపాయె, మరి వేడి యాడికెళ్లొచ్చింది?" అని అడిగారు. "మీ భయానికి వచ్చింది మేడం," అన్నాడు వెనక బెంచీ నుంచి ఒకడు. అందరికంటే ఎక్కువ నవ్వింది ఆమే.

రాపిడితో లోహం మీద లోహం పొరగా వేయడం ఆమెకు పిచ్చి. కాలేజీలో మూలన పడ్డ, లోహం చెక్కే మిల్లింగ్ మిషన్‌ను బాగు చేయించుకుని, కత్తి బిగించే చోట అల్యూమినియం కడ్డీని బిగించారు. కడ్డీ గిర్రున తిరుగుతూ కింది పలకను ఒత్తుతుంది. ఆ రాపిడికి దాని కొస కరగదు, రొట్టె పిండిలా మెత్తబడుతుంది. అప్పుడు పలక బిగించిన బల్లను మెల్లగా జరిపితే పలక మీద ఒక పొర పరుచుకుంటుంది. దాన్ని చదును చేసి, మీద ఇంకో పొర. మేమేమో ఆగలేక బల్లను ముందే జరిపేవాళ్లం. "అగో, ఏం తొందర రా నీకు, బస్సు పోతున్నదా? కొస గొడుగు లెక్క విచ్చుకోనియ్యి," అని గదమాయించేవారు.

మా వైపు పొలాల్లో మందు కొట్టే పంపులకు బోల్టు బిగించే అల్యూమినియం చెవులు ఊరికే విరుగుతుంటాయి. వెల్డింగ్ పెట్టిస్తే ఆ పక్కనే మళ్లీ పగులు. విరిగిన చోటే పొర మీద పొర పెంచి కొత్త చెవి మొలిపించాలని ఆమె ఆశ. "కరిగినదాన్ని నమ్మకు రా, సల్లారేటప్పుడు మాట మారుస్తది," అనేవారు.

ఆమెకో ఊతపదం ఉండేది, "పట్టిందా?" అని. పాఠం అయిపోయాక పట్టిందా, పుట్టింటి ఊరు వర్ని నుంచి తెచ్చి నాటిన మల్లె కొమ్మ పట్టిందా, చర్చిలో పిల్లలకు పాట నేర్పి రాగం పట్టిందా. చివరికి ఆ మాటే నా కొంప ముంచింది.

ఈ మధ్యే, ఆరోగ్యం బాగా పాడవక ముందు, ఆమె గుప్పెట్లో ఇమిడే దిమ్మె ఒకటి పూర్తి చేశారు. అన్నీ పొరలే, కానీ బయట నున్నగా చెక్కించడంతో ఒకే ముద్దలా కనిపిస్తుంది. లోపల పొరలు నిజంగా కలిశాయో లేదో తెలియాలంటే నిలువునా కోసి, ఆ ముక్కను వంచి చూడాలి. కలవకపోతే ముక్క విచ్చిపోతుంది. పంపు చెవి ఆశా దాంతోపాటే పోతుంది. "నాకైతే చెయ్యాడదు. రంపం మిషన్ నీ దగ్గరున్నది, నువ్వే కొయ్యి," అని ఆసుపత్రి మంచం మీద నుంచి నా చేతికిచ్చారు.

చెరుకు కోతల కాలం, గానుగల పనులు మీద పడి కొన్నాళ్లు పక్కన పెట్టాను. ఒక మధ్యాహ్నం దిమ్మెను తీసి, కదలకుండా పట్టి ఉంచే రంపం వైస్‌లో బిగించబోతే, ఏటవాలుగా ఉందేమో, జారిపోతోంది. తంటాలు పడి పడి చివరికి బిగించాను. సరిగ్గా అప్పుడే ఫోన్.

"ఏమైంది రా, పట్టిందా?"

"పట్టింది మేడం, గట్టిగ పట్టింది," అన్నాను. నేను చెప్పింది వైస్ సంగతి.

అటువైపు నుంచి "దేవునికి స్తోత్రం" అని వినిపించింది. ఆ తర్వాత ఏడుపు గొంతుతో, పక్కనున్న ఆయనతో, "ఇంటున్నవా? పట్టిందట!"

కాదు మేడం, ఇంకా కోయనే లేదు అనడానికి ఎంతసేపు పడుతుంది? అనకుండానే ఫోన్ పెట్టేశాను. ఇప్పుడే కోసేస్తే నిజమైపోతుందనుకుని స్విచ్ మీద వేలు పెట్టాను. విచ్చిపోతే? మళ్లీ ఫోన్ చేసి ఆ సంతోషాన్ని నేనే లాక్కోవాలి. వైస్ విప్పి దిమ్మెను అరలో పెట్టేశాను. ఆ తర్వాత చూడ్డానికి వెళ్లినప్పుడల్లా ఆమె నర్సులకు నన్ను చూపించి, "మావోడే కోసి సూసిండు," అని మురిసిపోయేవారు. నేను పళ్లికిలించి నిలబడేవాణ్ని.

దానికి నేను దయ అని పేరు పెట్టుకున్నాను. దయ కాదు, ఒట్టి పిరికితనం. పైమెరుగు చూసి ఒప్పుకోవద్దని ఆ మనిషి మాకు ఎన్నేళ్లు నూరిపోశారు! చివరికి ఆమెకే పైమెరుగు మాట ఇచ్చి పంపాను. పోయారన్న కబురు విన్న సాయంత్రం బోధన్ నుంచి వచ్చి దిమ్మెను మళ్లీ వైస్ దాకా తీసుకెళ్లాను. అప్పుడు కూడా కోయలేకపోయాను.

ఇదంతా రాయనా అని నిన్న మేడం వాళ్లాయన్ని అడిగాను. "రాయి. నన్ను గూడ కలిపి రాయి," అన్నారు. అందుకే మిగతాది కూడా రాస్తున్నాను.

మర్నాడు నేను వెళ్లేసరికి వాకిట్లో పెట్టె ఇంకా మూయలేదు. వర్ని నుంచి వచ్చిన చుట్టాలు పాట పాడుతున్నారు. దిమ్మెను ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని ఒక పక్క బొటనవేలితో తడిమారు. తిప్పి ఇంకో పక్క తడిమారు. మళ్లీ తిప్పారు.

"కోసిన గుర్తేది బిడ్డా?" అన్నారు నాకు మాత్రమే వినపడేలా.

"కొయ్యలేదు సార్."

ఆయన నన్ను తిట్టలేదు, అసలు నా వైపు చూడనే లేదు. జేబులోంచి దస్తీ తీసి దిమ్మె ఏ పక్కా కనపడకుండా చుట్టారు. ఆమె అరచేతుల కింద పెట్టి, పైన కొంగు సర్దారు. పాస్టరు గారు కళ్లు మూసుకుని, ఈ సహోదరి చేతిపని నిలిచిందని చివరి దినాల్లో ఆమెకు తెలియజేసినందుకు ప్రభువుకు వందనాలు చెల్లించారు. వాకిలంతా ఆమెన్ అంది. నా పెదవులు కదల్లేదు. నా పక్కన నిలబడి, అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది ఆయనే.