పాటలో నా వాటా

నాకు సంగీతం రాదు. వచ్చినవాళ్ళ పద్ధతే వేరు. వాళ్ళకి గురువుంటారు, శ్రుతిపెట్టె ఉంటుంది, పాడమంటే కాసేపు బతిమాలించుకునే ఓపిక ఉంటుంది. నాకున్నదల్లా వెంట పాడే అలవాటు. ఎక్కడ పాట మోగినా నా నోరు దానంతటదే కలిసిపోతుంది. బందరు రైతుబజారులో వంకాయలు ఏరుతున్నప్పుడు పక్క కొట్టువాడి ఫోన్లో పాట వస్తే, చరణం అయ్యేదాకా ఏరుతూనే ఉంటాను. డబ్బులిచ్చేశాక కూడా ఏరుతుంటానని మా ఆయన ఫిర్యాదు. ఆయనకి పాటల గోల లేదు. వార్తలుంటే చాలు.

నాకిష్టమైన గాయని పేరు చెప్పను. చెబితే గుడివాడలో ఉన్న మా అక్కతో మళ్ళీ పేచీ మొదలవుతుంది. మా అక్కకి నచ్చినావిడ గొంతులో ప్రతి అక్షరం కడిగి ఆరబెట్టినట్టుంటుంది. కాదనను. నాకు నచ్చినావిడ మాత్రం పై స్వరానికి వెళ్ళేటప్పుడు కష్టపడుతున్నట్టు ఎక్కడా తెలియదు, పైగా నవ్వుతున్నట్టుంటుంది. ఆవిడతో పాటు అక్కడిదాకా నేనూ వెళ్ళగలిగేదాన్ని. పదో తరగతి పిల్లలకి సాంఘికశాస్త్రం చెప్పుకునే మనిషికి అంతకన్నా గర్వం ఏముంటుంది? వాన పాట అయినా, పడవ పాట అయినా, అలిగినవాణ్ణి ఆటపట్టించే పాట అయినా, ఆ చివరి మెట్టు దగ్గర ఆవిడ, నేను కలిసి ఉండేవాళ్ళం. ఇది ఆవిడకి తెలియదు, అంతే తేడా.

మా అక్క భర్త, అంటే మా బావగారు, ఈ పిచ్చిలో నాకు జోడీ. గుమాస్తా ఉద్యోగం నుంచి రిటైరైన మర్నాడే బ్లూటూత్ మైకు కొన్నారు. ఫోన్లో కరోకే యాప్ పెట్టుకున్నారు. అందులో యుగళగీతం ఎంచుకుంటే మగగొంతు వాటా ఆయన పాడి పెడతారు. ఆడగొంతు ఉండాల్సిన చోట సంగీతం మాత్రం నడుస్తుంది. ఆ ఖాళీలో ఎవరైనా వచ్చి చేరవచ్చు. ఏళ్ళ తరబడి ఆ ఖాళీ నాదే. దివిసీమలో బడి, బందరులో ఇల్లు. అవనిగడ్డ నుంచి బస్సులో వచ్చి, కుక్కర్ పెట్టి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు కూరుకుని నా వాటా నేను పాడేసేదాన్ని. కుక్కర్ కూతలు కూడా అందులో పడేవి. బావగారు అవి కూడా తాళంలోనే ఉన్నాయని మెచ్చుకునేవారు.

అలాంటిది నా మెడలో గడ్డ వచ్చింది. థైరాయిడ్. విజయవాడలో ఆపరేషన్ చేసి తీసేశారు. గడ్డ మంచిదేనని పరీక్షలో తేలింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు, నాకు మాత్రం ఊపిరే మిగిలింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. స్వరపేటికకు వెళ్ళే నరం ఒకవైపు మందగించిందట.

"గొంతు తిరిగి వస్తుందా?" అని కాగితం మీద రాసి డాక్టరుగారికి చూపించాను.

"రావచ్చమ్మా. నెలలు పట్టచ్చు. పూర్తిగా రాకపోనూవచ్చు. ఈలోగా అరవకండి, గుసగుసలాడకండి. పాడటం అసలు వద్దు," అన్నారాయన. పాడటం సంగతి నేను అడగలేదు. ఎలా కనిపెట్టారో మరి.

కోలుకునే రోజులు గుడివాడలో అక్క ఇంట్లో గడిచాయి. గడిచాయనడం మర్యాదకి. ఒకచోట కూర్చోలేకపోయాను. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి వరండాలోకి, మళ్ళీ హాల్లోకి. పుస్తకం తెరిస్తే అక్షరాలు పాట వరసలో కదిలేవి. ఎదురింటివాళ్ళ నిశ్చితార్థానికి మైకు పెట్టి పొద్దస్తమానం పాటలే. ఒక్కో పాట మొదలవగానే గొంతులో ఏదో లేచేది. నోరు తెరిచేదాన్ని. గాలి. మూసేసేదాన్ని.

"ఒసేయ్, నీ కాళ్ళు కాదు గానీ నా కళ్ళు నొప్పెడుతున్నాయి. కాసేపు కూర్చో," అనేది అక్క.

కూర్చుంటే కాలు ఊగేది. కాలు ఆపితే వేళ్ళు కుర్చీ చేతి మీద దరువు వేసేవి.

బావగారు నా మీద జాలితో మైకు బీరువా మీద పెట్టేశారు. పాపం, ఎన్నాళ్ళు ఆగుతారు? ఒకరోజు బట్టలు ఆరేయడానికి డాబా మీదకి వెళ్తే, నీళ్ళ ట్యాంకు వెనక నిలబడి చిన్నగా పాడుకుంటున్నారు. మా పాటే. తన వాటా పాడి ఆగారు. నా వాటా దగ్గర సంగీతం ఖాళీగా నడిచింది. తడి దుప్పటి చేతిలో పట్టుకుని ఆ నాలుగు లైన్లూ అయ్యేదాకా నిలబడ్డాను. నన్ను చూసి ఆయన దొంగలా ఫోను దాచుకున్నారు.

రెండు రోజులకి ఆ పాటలో ఎవరో చేరారు. ఆయన ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నవ్వుకుంటుంటే నాకు అర్థమైపోయింది. ఒక ఇయర్‌ఫోను లాక్కుని విన్నాను. ఎవరో రాజమండ్రి ఆవిడ. తప్పులు వెతికాను. చరణం ఆలస్యంగా అందుకుంటుందేమో అని చూశాను. పై మెట్టు దగ్గర జారుతుందేమో అని చూశాను. జారలేదు. బాగా పాడింది. అదే నన్ను కాల్చేసింది. చెడగొట్టి ఉంటే ప్రాణం హాయిగా ఉండేది.

"ఎవరావిడ?" అన్నాను.

"ఏంటమ్మా? వినపడలేదు," అన్నారు బావగారు.

మళ్ళీ అన్నాను. మళ్ళీ వినపడలేదు. ఆయన చెవి నా నోటి దగ్గరకి తెచ్చారు. నాకు ఒళ్ళు మండిపోయి ఇయర్‌ఫోను మంచం మీద విసిరేశాను. ఆయన దాన్ని తీసి, చుట్టి, మెల్లగా అన్నారు. "నువ్వొచ్చేదాకా పాటలు ఎవరూ చేరకుండా మూసి పెట్టమంటే పెడతాను. యాప్‌లో అలా కూడా ఉందమ్మా."

వద్దని చేయి ఊపాను. నా చోటు నాకు ఎవరో పట్టి ఉంచడమేమిటి, సినిమా హాల్లో కర్చీఫ్ వేసినట్టు? అలా అనుకున్నాను గానీ, ఆ సాయంత్రం బాత్‌రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను. నిజంగా భయం వేసింది. ప్రాణభయం పోయినవాళ్ళకి ఈ భయం ఏమిటని ఎవరైనా అంటారేమోనని, అది ఎవరికీ చెప్పలేదు.

బందరు తిరిగొచ్చి బడిలో చేరాను. పాఠానికి నడుముకి కట్టుకునే మైకు కొనుక్కున్నాను, దాంతో పూట గడిచింది. బయటే చిక్కు. కోనేరు సెంటర్ అని నేను చెబితే ఆటో అబ్బాయి "ఎక్కడికి మేడం?" అని మూడుసార్లు అడిగేవాడు. మందుల కొట్లో నా వెనకాల వచ్చినవాళ్ళు ముందు మందులు తీసుకుని వెళ్ళిపోయేవారు. ఫోనెత్తి హలో అంటే అవతలివాళ్ళు హలో హలో అని పెట్టేసేవారు. ఇంట్లో టీవీలో పాట రాగానే మా ఆయన గబుక్కున రిమోట్ అందుకుని ఛానెల్ మార్చేవారు. ఆయన మంచితనం చూస్తే ఇంకా చిర్రెత్తేది. మార్చకపోయినా చిర్రెత్తేది. పాపం ఆయన మాత్రం ఏం చేస్తారు.

నోరు మూసుకుని 'మ్' అంటూ సాధన చేయమన్నారు డాక్టరుగారు. పొద్దున్నే వరండాలో తుమ్మెదలా తిరుగుతూ చేసేదాన్ని. రెండోసారి చూపించుకున్నప్పుడు, నరం కొద్దిగా కోలుకుంటోంది అన్నారు. ఆ 'కొద్దిగా' నన్ను కుదురుగా ఉండనిచ్చిందా? ఏమీ లేదని చెప్పినా బాగుండేది, ఎక్కడో అక్కడ మనసు రాయి చేసుకునేదాన్ని. ఇప్పుడేమో గంటకోసారి గొంతు తడిమి చూసుకోవడం. మాట కాస్త గరగరగా బయటికి వచ్చేది, మళ్ళీ మధ్యలో తెగేది. మంచినీళ్ళు తాగడం, మళ్ళీ చూసుకోవడం. పాట జోలికి మాత్రం పోలేదు. పాడి చూసి రాకపోతే ఇక రాదని తేలిపోతుందని భయం.

ఆరోజు బడి వదిలాక అవనిగడ్డలో బందరు బస్సెక్కాను. ఆడవాళ్ళకి ప్రయాణం ఉచితం చేశాక బస్సులో నిలబడటానికే చోటుండదు. అదృష్టం బాగుండి ముందు వైపు సీటు దొరికింది. కిటికీ పక్కన చేపలమ్ముకుని తిరిగి వెళ్తున్న ఆవిడ, ఒళ్ళో ఖాళీ సత్తు బేసిను. పొద్దున్నుంచీ తిరిగిన అలసటలో నిద్రపోతోంది. డ్రైవరు తన దగ్గర చిన్న స్పీకరు పెట్టుకున్నాడు. మోపిదేవి దాటాక నాకిష్టమైనావిడ పాట వచ్చింది.

లేచి వెనక్కి వెళ్దామంటే దారి లేదు. కిటికీలోంచి చేలు చూడబోయాను. కోతలైన చేలో మినప మొలకలు. చూపు అక్కడ నిలవలేదు. పల్లవి అయింది, మగగొంతు చరణం అయింది. చల్లపల్లి రాబోతుంటే నా పెదవులు కదులుతున్నాయని తెలిసింది. ఆపలేదు. పై స్థాయి అందదని తెలుసు కాబట్టి కింది స్థాయిలో పట్టుకున్నాను. గరుగ్గా ఉంది, మోటుగా ఉంది, నా గొంతులా లేదు. రెండో చరణంలో ఒకచోట తెగింది, మళ్ళీ అతుక్కుంది. ఆ తర్వాత ఎలా ఉందో వినడం మర్చిపోయాను. చల్లపల్లిలో ఎవరు దిగారో, ఎవరెక్కారో తెలియదు. ఆ పాట అయిపోయి ఇంకోటి మొదలైంది. అదీ నాకు తెలిసిందే.

ఎవరో నా మోకాలి మీద తట్టారు. పక్కావిడ. ఎప్పుడు లేచిందో, చెవి దగ్గర ఫోను పెట్టుకుని ఉంది.

"కాస్త నెమ్మదిగా పాడుకోండి మేడంగారూ. ఫోన్లో మా పిల్ల మాట ఇనపడట్లా."

నేను పూర్తిగా ఆవిడ వైపు తిరిగాను.

"ఏమన్నారమ్మా? వినపడలేదు," అన్నాను. అబద్ధం. నాకు ఆ మాట ఇంకోసారి కావాలి.

ఆవిడకి విసుగొచ్చింది. ఫోను అరచేత్తో మూసి, ముందు సీట్లవాళ్ళంతా వెనక్కి తిరిగి చూసేటట్టు చెప్పింది.

"గొంతు తగ్గించమంటన్నా."