తమ్ముడి మోకు

ఏళ్లుగా ఈ మాట నా గొంతులో ముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. మూడో తరగతితోనే బడి మానేశాను. రాయడం ఇదే మొదలు, తప్పులుంటే మన్నించండి. ఎవరికో ఒకరికి చెప్పాలి. మీకు చెబుతున్నాను.

మాది ఆలేరు దగ్గర పల్లె. నేనూ మా తమ్ముడూ తాటిచెట్లెక్కి కల్లు గీసేవాళ్లం. రజాకార్ల గోల అణిగిన కొన్నేళ్లకు నాకు పేకాట అంటుకుంది. ఎందుకు ఆడేవాణ్ణి? ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ముక్కలు చేతికి రాగానే ఒళ్లు వేడెక్కేది, ఓడిపోయాక నా మీద నాకే అసహ్యం వేసేది, ఆ అసహ్యం మరిచిపోవడానికి మళ్లీ అక్కడికే పోయేవాణ్ణి.

ఒకనాడు పందెం పెట్టడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. ఇంట్లో గోడకు తమ్ముడి కొత్త మోకు వేలాడుతోంది. చెట్టుకూ నడుముకూ చుట్టుకుని ఎక్కే తాడు అది. తీసుకుపోయి పెట్టాను. పోయింది.

తెల్లారి తమ్ముడు దాని కోసం వెతికాడు.

"జర బిగువు లేదని అల్లినాయనకే మళ్ల ఇచ్చిన తమ్మీ. ఇయ్యాల నాది కట్టుకో" అన్నాను.

మాలో ఎవరి మోకు వాళ్లదే. ఇంకొకరిది కట్టుకోరు. పైగా నాది పాతబడింది. ఆ సంగతి నాకు తెలుసు. వాడు నా మొహంలోకి చూశాడు.

"అన్నా, నీ మనసుల ఏదో ఉన్నది. గా ఆటకు పోతున్నవని ఊరంత అంటున్నరు. నాకు చెప్పరాదే? నిన్నేమన్న కొడ్తనా?" అని నవ్వాడు.

"ఏం లేదురా. పొద్దెక్కుతాంది, పో."

"సరే తియ్యి. నువ్విచ్చినంక నాకేం ఫికర్."

అప్పుడు నోరు తెరిస్తే చాలు. ఎందుకు తెరవలేదు? తిడతాడనా? వాడు తిట్టడు. చెప్పేస్తే ఇక ఆడలేను. నా భయం అదీ.

సగం చెట్టు మీద మోకు తెగింది. వాడి తుంటి విరిగింది. బండిలో దవాఖానకు తీసుకుపోతుంటే దారి పొడుగునా వాడు నా చెయ్యి వదల్లేదు. వాడు మంచంలో ఉండగానే నేను మళ్లీ ఆటకు పోయాను. అదీ చెప్పాలి. మానడానికి చాలా కాలం పట్టింది.

వాడు మళ్లీ చెట్టెక్కలేదు. నేను దింపిన కల్లు కుండ ముందు కూర్చుని అమ్ముతాడు. తన మోకు ఏమైందని ఒక్కసారీ అడగలేదు. మోకు అల్లినాయన ఎదురుపడినా అడగలేదు. మరిచిపోయాడా? తెలిసే ఊరుకున్నాడా? రెండూ నాకు భయమే.

ఇప్పటికీ నేను బయలుదేరేటప్పుడు కుంటుతూ వచ్చి, నా మోకును రెండు చేతులతో లాగి చూస్తాడు. "గట్టిగనే ఉన్నదన్నా, పో" అంటాడు.

తమ్మీ, నీ మోకు పేకాటలో పెట్టింది నేనే. తెగుతుందేమో అనిపించినా నాది నీ నడుముకు కట్టించింది నేనే.

రాశాను. గొంతులో కాస్త గాలి ఆడుతోంది.