వెనక కుడి లైటు

మా పికప్ వ్యాన్ వయసు పద్దెనిమిదేళ్ళు. దాని జబ్బులన్నీ తేదీలతో సహా నా పుస్తకంలో ఉన్నాయి. ఏ బల్బు ఏ రోజు మాడింది, ఎవరు మార్చారు, మార్చింది ఎన్నాళ్ళు వెలిగింది, అన్నీ. అందుకే చోడవరంలో బండ్ల ఎలక్ట్రీషియన్లకు నేనంటే పడదు. చేసిన పనికి తేదీ రాసేవాళ్ళంటే చేతకానివాళ్ళకు ఎప్పుడూ పడదు.

దేవరాపల్లి వైపు నుంచి కూరగాయలు తెచ్చి మార్కెట్లో దింపడం ఆ బండి పని. మా ఆయన పోయాక, బడిలో లెక్కల టీచరుగా నేను రిటైరయ్యాక, దాన్ని నేనే నడిపిస్తున్నాను. తోలేది మాత్రం కె.కోటపాడు నుంచి వచ్చే డ్రైవరు. పదకొండేళ్ళుగా అతనే.

దసరా వెళ్ళిన తొమ్మిదో రోజు, గురువారం, చీకటి పడుతుండగా మాడుగుల రోడ్డు మలుపులో అతను బండిని కుడికి తిప్పాడు. వెనక మోటారు సైకిలు మీద వస్తున్న కిరాణా కొట్టు ఆయన వచ్చి మా బండిని గుద్దాడు. ఆయన మోకాలు గీరుకుంది, హెడ్‌లైటు పగిలింది. అంతకు మించి ఏమీ కాలేదు. కానీ పది మంది పోగయ్యారు. సిగ్నల్ ఇవ్వలేదని కొట్టు ఆయన, ఇచ్చానని డ్రైవరు. పోగైన పది మందీ ఇవ్వకపోవడం కళ్ళారా చూశామన్నారు. అందులో నలుగురు టీ కొట్టు లోపల, గోడ వైపు తిరిగి కూర్చున్నవాళ్ళని తర్వాత తెలిసింది. మనవాళ్ళకు సాక్ష్యం చెప్పడానికి చూసి ఉండక్కర్లేదు.

ఇంటికొచ్చి డ్రైవరు ఒకటే మాట చెప్పాడు. "ఏసేనమ్మా. స్టీరింగు కాడ బోర్డులో పచ్చ లైటు కొట్టుకోడం నేను సూసేను."

మర్నాడు ఉదయం ఏడింటికి వాకిట్లో బండి వెనక నిలబడి అతని చేత సిగ్నళ్ళు వేయించాను. ఎడమది వెలిగింది. కుడిదీ వెలిగింది. రెండూ పనిచేస్తున్నాయని పుస్తకంలో రాసుకుని, మరి నిన్న ఎందుకు వెలగలేదని అడిగాను.

"నాకేటి తెలుస్తాదమ్మా? నేను ముందున్నాను కదా."

అది పొగరనుకున్నాను. తప్పు చేస్తే క్షమిస్తాను గానీ అబద్ధం క్షమించనని, రేపట్నుంచి రానక్కర్లేదని చెప్పాను. తాళాలు అరుగు మీద పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

అతని బదులు వచ్చినవాడు వారం తిరక్కుండానే, అదే మలుపులో వెనక లారీవాడు తనను తిట్టాడని చెప్పాడు. సిగ్నల్ వేశాడట. లారీవాడికి కనబడలేదట. అప్పుడు నాలో చిన్న అనుమానం మొదలైంది, ఎలక్ట్రీషియన్లకు కబురు పెట్టాను.

మొదటివాడు బండిని చూడకుండానే బల్బు మార్చాడు. తీసిన బల్బును బ్యాటరీకి పెట్టి, వెలుగుతోందని చూపించాను. అది అంతేనమ్మా అన్నాడు. ఏది అంతో చెప్పలేదు. రెండోవాడు సిగ్నల్‌ను కొట్టుకునేలా చేసే ఫ్లాషర్ డబ్బా మార్చాడు. టిక్కుటిక్కుమనే చప్పుడు పెరిగింది, వెలుతురు పెరగలేదు. మూడోవాడు బండి కింద చాపేసుకుని పడుకుని అరగంట తర్వాత లేచాడు.

"పాత బండమ్మా. మొత్తం వైరింగు పీకీయాల."

ఏ వైరు పోయిందని అడిగితే అన్నీ అన్నాడు. జ్వరమని వెళితే కాళ్ళూ చేతులూ మార్చుకోమనే డాక్టరు ఎక్కడా ఉండడు. ఈ వృత్తిలో ఉంటాడు.

ముగ్గురిలో ఒక్కడూ అది ఎప్పుడు వెలగడం లేదని అడగలేదు. ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పిన నేనూ అడగలేదు. ప్రమాదం జరిగింది చీకట్లో, హెడ్‌లైట్లు వేసి, బ్రేకు తొక్కి మలుపు తిరుగుతున్నప్పుడు. నేను పరీక్ష చేసింది పొద్దున్న ఏడింటికి, లైట్లు ఆర్పి, నిలబెట్టిన బండికి. ఇలాంటి పరీక్ష మా బడిలో ఏ పిల్లయినా చేసి ఉంటే కాగితం మొహాన కొట్టేదాన్ని.

ఆదివారం మా ఆడపడుచును డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాను. ఆవిడ జన్మలో ఆ సీటెక్కలేదు.

"ఒదినా, బ్రేకు మద్దెలదేనా?"

"మధ్యదే. మిగతావాటి జోలికి పోకు."

"బండి కదిలిపోతేనో?"

"ఇంజను ఆపి ఉంది. నీకన్నా అదే నిలకడగా ఉంది."

కాగితం మీద గీతలు గీసి, ఒక్కొక్కటే వేయించాను. సిగ్నల్ ఒక్కటే వేస్తే వెలిగింది. లైట్లు కూడా వేస్తే మసకబారింది. బ్రేకు కూడా తొక్కగానే కుడి సిగ్నల్ పూర్తిగా ఆరిపోయి, దాని పక్కనున్న ఎర్ర లైటు గుడ్డిగా కొట్టుకోసాగింది. లోపల బోర్డులో పచ్చ లైటు మాత్రం చక్కగా కొట్టుకుంటోందని ఆడపడుచు చెప్పింది. డ్రైవరు చెప్పిందీ అదే.

బల్బులోకి వెళ్ళిన కరెంటు బండి ఇనుము గుండా బ్యాటరీకి తిరిగి రావాలి. దాన్ని ఎర్తు అంటారు. ఆ దారి ఇరుకైతే ఒక బల్బుకు సరిపోతుంది, మూడింటికి చాలదు. బ్యాటరీ నుంచి ఒక వైరు లాగి లైటు డబ్బాకు ఆనించాను. మూడూ వెలిగాయి. ఇక మిగిలింది డబ్బా కిందున్న ఎర్తు బోల్టు. విప్పి చూస్తే దాని కింద ఇనుము లేదు. మందంగా, నున్నగా నీలం రంగు ఉంది.

ఆ రంగు ఎవరు వేయించారో పుస్తకం తీయకుండానే తెలుసు. అయినా తీశాను. ఏటా దసరా బండి పూజకు ముందు రంగు వేయిస్తాను. ఈసారి నా రాతలోనే ఉంది: వెనక కుడి బోల్టు కింద రంగు వేయకుండా వదిలేశాడు, విప్పించి వేయించాను. ఆ రంగులేసేవాడు నాకు చెప్పాడు కూడా, అది ఎర్తు బోల్టమ్మా ఒగ్గేయాలని. పనికి బద్ధకించేవాళ్ళు చెప్పే సాకు అదని నేను నవ్వాను.

గరుకు కాగితంతో రంగు గీకి, బోల్టు బిగించి, సోమవారం బస్సులో కె.కోటపాడు వెళ్ళాను. డ్రైవరు ఇంట్లోనే ఉన్నాడు. సంగతంతా చెప్పి, తప్పు నాదేనన్నాను. ముందు అతని భార్య అంది.

"ఆదివారం సర్చిలో వాక్యం ఈయనే సదివేవోడు. ఇప్పుడు మానీసేడు. అబద్దాలకోరు సదివితే ఎవులింతారని."

తర్వాత అతనన్నాడు. "నాకు సెప్తే ఏటి లాభమమ్మా? నేనేసేనని నాకు ముందే తెలుసు. సర్చిలో ఆల్లకి సెప్పండి."

మొదట కొట్టు ఆయన దగ్గరికి వెళ్ళాను. అది ఎప్పుడో మర్చిపోయానన్నాడు. ఒక మనిషిని పదిమందిలో అబద్ధాలకోరును చేసి, మర్చిపోవడం గొప్ప గుణమనుకునే రకం. వచ్చే ఆదివారం చర్చికి రావాలని చెప్పి, వస్తాననేదాకా కొట్టు ముందు నుంచి కదలనని కూడా చెప్పాను. వచ్చాడు. ఆరాధన అయ్యి జనం బయటికొస్తుంటే చర్చి వాకిట్లో నిలబడి, నా పుస్తకంలో బోల్టు సంగతి రాసిన పేజీ గట్టిగా చదివాను. ఎవరు వేయించారో కూడా చదివాను. కొట్టు ఆయన తల గోక్కుంటూ డ్రైవరు చెయ్యి పట్టుకున్నాడు. ఆ పై ఆదివారం వాక్యం అతనే చదివాడని అతని భార్య ఫోను చేసింది.

అతను పనిలోకి తిరిగొచ్చాడు, ఒక షరతు మీద. రోజూ బండి తీసే ముందు లైట్లు వేసి, బ్రేకు తొక్కి, సిగ్నల్ వేస్తాడు. నేను వెనక నిలబడి చూడాలి. పక్కింటాయన రోజూ చూసి నవ్వుతాడు. ఆయన స్కూటరుకు వెనక లైటే లేదు.

"కుడి ఎలుగుతందా అమ్మా?"

"వెలుగుతోంది."

అతను దిగి వచ్చి చూడడు. నా మాట మీదే బండి తీస్తాడు.